మేనత్తని అడగకుండా అచ్చేసిన వంశచరిత్ర

మా ఇంటిపేరు కామవరపు. కాపురం కామవరపుకోటలో. ఈ రెండూ చూసి, మా పూర్వీకులే ఈ ఊరు కట్టించారని, కోట ఏలింది వాళ్ళేనని నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. నాన్నగారి షష్టిపూర్తికి వంశచరిత్ర పేరుతో చిన్న పుస్తకం వేయించి బంధువులందరికీ పంచాను. అందులో రాసినదానికి ఒక్క ఆధారం లేదు.

ఆ రోజే అంతకన్నా పెద్ద తప్పు చేశాను. కొల్లేరు దగ్గరి కైకలూరు వైపు నుంచి మా ఇంటిపేరే ఉన్న పెద్దాయన ఒకరు వచ్చారు. "మనం ఒకటే బాబూ. మా తాతా మీ ముత్తాతా అన్నదమ్ములు" అన్నారు. నాన్నగారు పీటల మీద ఉన్నారు. నా పుస్తకంలో కొల్లేరు మాటే లేదు. "మావాళ్ళు మొదట్నుంచీ ఇక్కడివాళ్ళేనండీ, మీరు వేరే అయ్యుంటారు" అనేశాను. ఆయన భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది.

నా వంశవృక్షంలో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే. అందుకే మేనత్తని అడగాలనే తోచలేదు. పుస్తకం ఆమె చేతికి అందాక కబురు పెట్టింది. వెళ్తే, మొదటి పేజీ మీద వేలు పెట్టి అడిగింది: "ఒరే, ఈ ఊళ్ళో ఉన్నవాణ్ణి ఈ ఊరి పేరు పెట్టి ఎవరు పిలుస్తార్రా? ఊరు దాటి వెళ్ళినవాణ్ణే కదా అలా పిలిచేది!"

ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదో! పోలవరం నుంచి వేరే ఊరు వెళ్ళి స్థిరపడినవాళ్ళు పోలవరపువారు, గరికపాడు నుంచి వచ్చినవాళ్ళు గరికపాటివారు. ఇటలీలోనూ ఇదే తీరు. రొమానో అంటే రోమ్ మనిషి అని. ఆ ఇంటిపేరు దక్షిణ ఇటలీలోనే ఎక్కువగా వినిపిస్తుంది. కాకపోతే వాళ్ళకో వసతి ఉంది. 1563లో ట్రెంట్ మహాసభ పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ చర్చి పుస్తకాల్లో రాయాలని కట్టడి చేసింది. తాతల పేర్లు ఆ పుస్తకాల్లో వెతుక్కోవచ్చు. మనకు అలాంటి పుస్తకాలు లేవు. పైగా బడి రిజిస్టరులో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. "కె." అంటే కామవరపు కావచ్చు, కానూరి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

అత్త ట్రంకుపెట్టె తీసి పాత క్రయ దస్తావేజు చూపించింది. మడతల దగ్గర చిరిగి, వెనకాల గుడ్డముక్క అంటించి ఉంది. కొన్నది మా ముత్తాత. ఆయన పేరు ముందు "కృష్ణా జిల్లా కైకలూరు తాలూకా" అని, ఆ తర్వాత ఒక లంక పేరు, "కాపురస్తుడు" అని ఉంది. మెట్టలోంచి కొల్లేటి లంకకు వెళ్ళిన కుటుంబాన్ని అక్కడివాళ్ళు కామవరపువాళ్ళు అన్నారు. నీళ్ళు పెరిగి ఏటేటా చేలు మునుగుతుంటే ఇద్దరన్నదమ్ముల్లో ఒకరు మెట్టకు తిరిగొచ్చి పొలం కొన్నారు. రెండోవారు అక్కడే ఉండిపోయారు. నేను పంపించేసిన పెద్దాయన ఆ రెండోవారి మనవడు.

2022 ఏప్రిల్ దాకా కైకలూరు కృష్ణా జిల్లాలో, మేము పశ్చిమ గోదావరిలో. ఇప్పుడు రెండూ ఏలూరు జిల్లాయే. వేరే జిల్లా కదా అని నేను కొల్లేరు వైపు ఎప్పుడూ వెతుక్కుంటూ పోలేదు.

అత్తని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. "పెదనాన్నా, తప్పయింది" అన్నాను. ఆయన మాట్లాడకుండా కుర్చీ జరిపి కూర్చోమన్నారు. వాళ్ళ పిల్లల పేర్లన్నీ రాసుకున్నాను. పాత పుస్తకాలు దొరికినన్ని వెనక్కి తీసుకుని, కోట కథ తీసేసి, ఆడపిల్లల సంతానంతో సహా మళ్ళీ వేయించాను.

మీరూ మీ ఇంటిపేరు మీద ఏదైనా రాయాలనుకుంటుంటే, ముందు అత్తవారిళ్ళకు వెళ్ళిన మీ మేనత్తలనీ వాళ్ళ అమ్మలనీ అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆ తర్వాత దస్తావేజులు తీయండి. అచ్చు సంగతి ఆఖరున చూడవచ్చు.