మంచు కాదమ్మీ, బరఫ్

తాడేపల్లిలో మంచంటే చలికాలం తెల్లారి కృష్ణమ్మ మీద కమ్ముకునేదే. ప్రకాశం బ్యారేజీ కనిపించకపోయినా అబ్బా ఫజర్‌కి వెళ్లేవారు. 2011 ఫిబ్రవరిలో చికాగో నుంచి తమ్ముడు ఫోన్ చేసి "మంచు పడింది, మసీదుకెళ్లలేదు" అంటే అమ్మీకి కోపం రాదూ మరి!

"మంచు కాదమ్మీ, బరఫ్! 20 అంగుళాల పైనే. లేక్ షోర్ డ్రైవ్ మీద వందల కార్లు ఇరుక్కుపోయాయి. ఊరంతా ఖామోష్."

తెలుగులో రెండింటికీ ఒకటే మాట, ఏం చేస్తాం.

సఫర్‌లో చలిరాత్రి, వానరాత్రి ఎక్కడివాళ్లు అక్కడే నమాజు చదువుకోమని హుజూర్ (స) అజాన్ తర్వాత చెప్పించేవారని బుఖారీలో హదీసు. అది విన్నాక అమ్మీ మెత్తబడింది.

"రుఖ్సత్ ఉంది సరే బేటా, ఒక్కడివే చదివావా?"

లేదట. పక్క ఫ్లాట్ల హైదరాబాదీలు ఇద్దరు, ఒక బంగ్లాదేశీ కలిసి జమాత్ కట్టారట. ఇమామత్ వీడిదే. అమ్మీ ఇక బరఫ్ ఊసెత్తలేదు. ఏ సూరా చదివావని అడిగింది.