డిచ్‌పల్లి గుట్ట కింద

మా స్నేహబృందంలోని ఒక దంపతులు కొన్నేళ్ల క్రితం కూతురి దగ్గరికి వెళ్లి, అటు నుండి ఇటలీ దేశం చూసి వచ్చారు. అక్కడి పల్లెల్లో తొందర లేకుండా తిరిగారట. కొండ మీద ఊరు, ఊరి చుట్టూ రాతి గోడ, కింద ద్రాక్షతోటలు, ఒలీవ చెట్లు. ఆ ఫోటోలు చూసిన ప్రతిసారీ మా ఆడవాళ్లు ఒకటే మాట అనేవారు, “మనకు మాత్రం గుట్టలు లేవా, పొలాలు లేవా?” అని. నిజమే కదా. ఇటలీ వెళ్లే స్తోమత మాకు లేదు గాని, మెదక్ నుండి ఆర్మూరు దాకా నెమ్మదిగా పోవడానికి ఏం అడ్డం? అలా ఫిబ్రవరి నెలలో నాలుగు కుటుంబాల వాళ్లం ఒక బండి మాట్లాడుకొని, దేవుని కృపవలన మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం.

ఆదివారం ఆరాధన మెదక్ దేవాలయంలో. ఈ గుడి గురించి మన పాఠకుల్లో తెలియని వారుండరు. 1914లో పని మొదలుపెట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు కాలంలో పోస్నెట్ దొరగారు ఊరికే గంజి పోయకుండా, పని చూపించి కూలి ఇచ్చి కట్టించిన గుడి ఇది. తలవంచకుండా తిన్న అన్నం అది. లోపల నేల మీద పరచిన రంగు బిళ్లలను చూపించి మేము మా ఇటలీ దంపతులను ఆటపట్టించాం. ఆ బిళ్లలు ఇంగ్లండు నుండి వచ్చాయని, వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలను పిలిపించారని చెబుతారు. “మీరు అంత దూరం పోయారు, ఇటలీ వాళ్లు వందేళ్ల కిందే మన మెదక్‌కు వచ్చారు” అంటే అందరం నవ్వుకున్నాం.

మర్నాడు రామాయంపేట మీదుగా పెద్ద రోడ్డెక్కి, కామారెడ్డి, ఇందల్వాయి దాటి డిచ్‌పల్లి చేరాం. ఇదివరకు ఏడో నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం, ఇప్పుడది నలభై నాలుగు. లారీల రొద ఎక్కువ. రోడ్డు దిగి ఊళ్లోకి వెళ్తే మాత్రం వేరే లోకం. నిజాంసాగర్ కాలువలు పారే నేల ఇది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట వల్లనే ఈ జిల్లా పచ్చబడింది. గుట్ట మీద రామాలయం ఉంది. కాకతీయుల నాటి పనితనం, 14వ శతాబ్దం నాటిదని అంటారు. రాతిలో చెక్కిన బొమ్మలు చూస్తే ఆ శిల్పుల చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లం మెట్ల దగ్గరే ఆగితే పిల్లలు పైదాకా వెళ్లి వచ్చారు. అక్కడి నుండి చూస్తే రైలు పట్టాలు, వరిమళ్లు, చింతచెట్లు కనబడతాయట.

కాని మేము డిచ్‌పల్లిలో ఆగింది గుట్ట కోసం కాదు. మాలో ఒక అన్న ఉన్నాడు, రిటైరైన పంతులు. వాళ్ల తాతకు ఒక చెల్లెలు ఉండేదట. ఒంటి మీద మచ్చలు వచ్చాయని ఒక రాత్రి బండి కట్టి డిచ్‌పల్లి ఆసుపత్రికి తెచ్చి దింపారు. ఊళ్లో మాత్రం వాగులో కొట్టుకుపోయిందని చెప్పారు. ఆ తరువాత ఇంట్లో ఎవరూ ఆమె పేరెత్తలేదు. అన్నకు కూడా పేరు తెలియదు. వాళ్ల అమ్మ చనిపోయే ముందు ఈ సంగతి చెప్పింది, పేరు చెప్పలేకపోయింది. ఆమె తిరిగిన నేల ఒకసారి చూడాలని అన్న కోరిక.

ఈ ఆసుపత్రి కథ మన వాళ్లు పిల్లలకు చెప్పవలసిన కథ. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసాని 1907లో తన భర్త జార్జ్ కెర్ గారితో హైదరాబాదు సంస్థానానికి వచ్చింది. వెస్లియన్ మెథడిస్టు మిషను వారు. నిజామాబాదులో పనిచేస్తుండగా ఆమె దగ్గరికి కుష్ఠురోగులు రావడం మొదలైంది. వారిని ఏ సత్రంలోనూ ఉండనిచ్చేవారు కాదు. కట్టడానికి డబ్బు కావాలి కదా. అప్పుడు చేయి అందించిన వారిలో ముఖ్యుడు నిజామాబాదుకు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్. ఆ సంగతి మేము మరచిపోకూడదు. అలా 1910ల్లో డిచ్‌పల్లి దగ్గర ఈ ఆసుపత్రి లేచింది.

అప్పట్లో ఉన్న మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. తాగితే వాంతులు, సూదితో ఎక్కిస్తే భరించలేని నొప్పి. అయినా రోగులు వచ్చారు, ఎందుకంటే ఇక్కడ వాళ్లను మనిషి అని పిలిచేవారు. 1923లో కెర్ దంపతులకు ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఆ వైద్యురాలు 1932లో కన్నుమూసింది. అసలైన మందు డాప్సోన్ మాత్రలు రావడం ఆమె చూడలేదు.

చెట్ల నీడన నడుస్తూ ఉంటే మా ఇటలీ దంపతులు అస్సీసి ఊరి సంగతి చెప్పారు. ఊరు కొండ మీద, కుష్ఠురోగులు ఉండే చోటు కింద మైదానంలో. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఫ్రాన్సిస్ అనే బట్టల వ్యాపారి కొడుకు ఆ కిందికి దిగి వెళ్లి వారికి పుండ్లు కడిగాడు. మన సంఘాల్లో అంతగా వినపడే పేరు కాదు అది. చేదుగా ఉన్నది తనకు తీపిగా మారిందని ఆయన చివరి రోజుల్లో రాయించాడట. ఫోటోల్లో మేము చూసింది కొండ మీది ఊరినే, కింది చోటు ఏ ఫోటోలోనూ లేదు.

దగ్గర్లో ఒక ఇంటి అరుగు మీద ముసలమ్మ కూర్చుని ఉంది. ఎనభై ఏళ్లుంటాయి. వేళ్లు కొన్ని కురచ. “ఏ ఊరోళ్లు బిడ్డా మీరు? ఎండల నిలబడ్డరేంది, కూసోండ్రి” అని పిలిచింది. పన్నెండేళ్ల పిల్లగా వచ్చిందట. తెల్ల మాత్రలు మింగి మింగి నయమైంది. నయమైందని కాగితం ఇచ్చి ఇంటికి పంపారు. “పోయిన బిడ్డా. అన్నం పెట్టిండ్రు. గాని పల్లెం వేరే పెట్టిండ్రు. గొడ్ల కొట్టం కాడ పెట్టిండ్రు. నాలుగొద్దులు సూసి మల్ల గీడికే అచ్చిన” అంది. ఏడుస్తూ చెప్పలేదు, బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పింది.

అన్న తన సంగతి చెప్పాడు. పేరు లేకుండా ఎట్లా వెతుకుతారు? ముసలమ్మ కాసేపు ఆలోచించి, “వాగుల పోయిందని చెప్పినోళ్లు శానామంది ఉండ్రి బిడ్డా. బాయిల పడ్డదని, పాము కరిసిందని. మేం గిట్ల కూసొని చెప్పుకునేటోళ్లం, ఎవలం ఎట్ల సచ్చినమో” అని నవ్వింది. ఆమె లోటాతో నీళ్లిచ్చింది. అన్న ముందుగా తాగాడు. తరువాత మేమందరం తాగాం. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం, ఆ రోజు చూడాలనుకున్న మిగతావేవీ చూడలేదు.

ఈ రోగం గురించి మన పల్లెల్లో ఇంకా ఉన్న భయానికి ఇప్పుడు అర్థం లేదు. నార్వేలో హాన్సెన్ అనే వైద్యుడు 1873లోనే దీని క్రిమిని కనిపెట్టాడు. ఇది శాపం కాదు, వంశంలో వచ్చేదీ కాదు. 1981 నుండి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స ఉంది. ఆరు నెలలు, కొందరికి ఏడాది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మందు మొదలైన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనబడితే దాచకుండా చూపిస్తే చాలు, వేళ్లు పోవు. రోగులను బంధించి ఉంచే 1898 నాటి చట్టాన్ని మన దేశం 2016లో గాని రద్దు చేయలేదు. కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు ఇచ్చే వీలును 2019లో తీసేశారు. చట్టం మారడానికే ఇన్నేళ్లు పడితే, గొడ్ల కొట్టం దగ్గరి పళ్లెం ఇంట్లోకి రావడానికి ఎన్నేళ్లో.

మూడో రోజు ఆర్మూరు దారి. ఇది పసుపు ఉడికించే కాలం. జూన్‌లో పెట్టిన విత్తనం ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. తవ్వి, ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెడతారు. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే ఒక క్వింటాలు చేతికొస్తే గొప్ప. కొమ్ము వేరు, మండ వేరు, ధర వేరు. 2019 ఎన్నికల్లో ఈ ధర కోసమే రైతులు గుంపుగా నామినేషన్లు వేస్తే నిజామాబాదు పార్లమెంటు స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు. 2025లో పసుపు బోర్డు వచ్చింది, కేంద్ర కార్యాలయం నిజామాబాదులోనే. “బోర్డు అచ్చింది, రేటు రావాలె” అన్నాడు కళ్లం దగ్గర ఒక రైతు, టార్పాలిన్ సర్దుతూ.

అంకాపూర్‌లో మధ్యాహ్నం నాటుకోడి కూర తిన్నాం. ఆ కూర రుచికి హైదరాబాదు నుండి కూడా వస్తారంటే నమ్మవచ్చు, మాలో ఇద్దరు అన్నం మూడుసార్లు పెట్టించుకున్నారు. భోజనాలయ్యాక అన్న ఒక కిలో కొమ్ము పసుపు కొని పక్కకు పెట్టాడు. దేనికని అడిగితే, తిరుగు దారిలో డిచ్‌పల్లిలో ఆగి ముసలమ్మకు ఇవ్వాలన్నాడు. ఆమెను ఏమని పిలుస్తావని ఆడవాళ్లు అడిగారు. “అత్తమ్మా అని” అన్నాడు. బండి పెర్కిట్ దాటేసరికి పొద్దు వాలింది.