మా ఊరిలో ఎందరం?

మీ ఊరిలో ఎందరున్నారని ఎవరైనా అడిగితే మేము వెంటనే జవాబు చెప్పలేము. బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింద ఉన్న చిన్న పల్లె మాది. లెక్క తప్పేంత పెద్ద ఊరేమీ కాదు. ఊరిలో ఉన్నవారిని లెక్కించాలా, ఊరివారినందరినీ లెక్కించాలా అన్నదే చిక్కు.

2014 ఆగస్టు 19న రాష్ట్రమంతటా ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. పేరు ఎక్కదేమోనన్న భయంతో హైదరాబాదులో, భీవండిలో పనిచేసే మావాళ్లు బస్సులు పట్టుకొని వచ్చారు. ఆ ఒక్కరోజు వీధులు కళకళలాడాయి. గల్ఫులో ఉన్నవారు మాత్రం ఎలా వస్తారు? మా వాడలో ఒక అవ్వ తన ఇంట్లో ఐదుగురమని చెప్పింది. ముగ్గురే కనబడుతున్నారే అని అడిగితే, "ఇద్దరు కొడుకులు దుబాయిల ఉన్నరు. ఆడున్నా మా ఇంటోళ్లే గద బిడ్డా" అన్నది.

2011 జనాభా లెక్కల్లో అప్పటి నిజామాబాదు జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1040 మంది స్త్రీలున్నారు. ఈ అంకెను చూసి సంతోషించేవారున్నారు. మా ఊరి మట్టుకు దాని వెనుక మాకు కనబడేది వలసే. ఆదివారం ఆరాధనలో స్త్రీలవైపు చాపలు నిండిపోతాయి. పురుషులవైపు తాతలు, బడిపిల్లలు.

మంజీరా మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ నీటి ధైర్యంతోనే 1937లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. చెరుకు ఏడాది పంట. నాటడం, కలుపు తీయడం, ఆకు దూయడం, నరకడం, బండ్లకెత్తడం, ఒక పని ముగిసేసరికి మరొకటి ఉండేది. భూమి లేనివారికీ చేతినిండా కూలి దొరికేది. ఫ్యాక్టరీలో సీజను పని దొరికినా చాలు, పిల్లనిచ్చేవారు ఇల్లు వెదుక్కుంటూ వచ్చేవారు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు, గానుగ ఆగిపోయింది. చెరుకును దూరపు మిల్లులకు తోలడం గిట్టక రైతులు వరి వేశారు. వరికోత యంత్రం ఒక్కపూటలో పని ముగించి వెళ్లిపోతుంది. అయితే గల్ఫు ప్రయాణాలు అంతకు చాలా ముందునుంచే ఉన్నాయి గనుక నింద అంతా ఫ్యాక్టరీ మీద మోపలేము.

ఇప్పుడు ఇళ్లను నడుపుతున్నది బీడీ. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టాలి. వెయ్యికి ఇంతని కూలి. వెయ్యి పూర్తి చేసేసరికి నడుము, మెడ పట్టేస్తాయి. ఎన్ని రోజులు ఆకు ఇస్తారన్నది ఇచ్చేవారి ఇష్టం. కొన్ని నెలల్లో సగం రోజులు చాట ఖాళీయే. 2015 నుంచి ప్రభుత్వం ఇస్తున్న జీవనభృతి పి.ఎఫ్. ఖాతా ఉన్నవారికే. పొగాకు చెడ్డదని సంఘంలో మేమే చెప్పుకుంటాము. కానుక సంచిలో పడే నోట్లకు ఆ తంబాకు వాసనే ఉంటుంది.

ఈమధ్య నాట్లకు బీహారు యువకులు వస్తున్నారు. మా కొడుకులు ఎడారిలో ఇటుకలు మోస్తుంటే వీరు మా మడుల్లో నాట్లు వేస్తున్నారు. రాత్రి బడి వరండాలో కూర్చొని ఇంటికి ఫోన్లు చేసుకుంటారు. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు ఆ ఏడు జరగలేదు. ఈసారి లెక్కలవారు వచ్చినప్పుడు ఈ పిల్లలను ఏ ఊరి పేరున రాసుకుంటారో చూడాలి.