మేము పెంచిన మండూకము

ఏమియు నెరుగనివానిని కూపస్థమండూకమని పరిహసించుట మనవారికి వాడుక. ఆ మాట విన్నప్పుడెల్ల మాకొక మండూకము జ్ఞప్తికి వచ్చును. అది మాకు నేర్పినదానిని మన విద్యార్థులకు తెలుపదలచితిమి.

మేము 2011 మొదలు 2014 వరకు ఆఫ్రికాఖండపు దక్షిణభాగమందలి బోట్స్వానా దేశమున నుపాధ్యాయులుగా నుంటిమి. అచ్చటి సహోపాధ్యాయులొకరు దూరపు ఊరికి బదిలీయై పోవుచు, పిల్లకప్పగా నున్ననాటినుండి తాము పెంచిన యొక పెద్ద కప్పను మాకొప్పగించిరి. ఆ దేశపు సెట్స్వానా భాషలో దానిని లెట్లామెట్లో యందురు. డేవిడ్ లివింగ్‌స్టన్ 1857లో ప్రకటించిన తన ప్రయాణ గ్రంథమున దీనిని గూర్చి వ్రాసియున్నాడు. ఉరుములతో వాన కురిసిన వెంటనే గుంటలన్నియు వీని యరపులతో నిండుటచే, ఇవి మేఘములనుండి రాలునని అచ్చటి జనులు తలచెడివారట. వాస్తవమునకవి నెలల తరబడి నేలలో దాగియుండి, వాన తడికి వెలికి వచ్చును.

ఈ జాతిలో ఆడుదానికంటె మగదియే పెద్దది. 20 సెంటీమీటర్లకు మించి పెరిగి, ఒక కిలోగ్రాము పైబడి తూగుట కలదు. వెనుకపాదముల లోపలి యంచున పారవంటి గట్టి బుడిపె యుండును. దానితో మట్టిని త్రోయుచు వెనుకకు వెనుకకు నేలలోనికి దిగును. క్రింది దవుడయందు పండ్లవంటి మొనలున్నవి. కావున వ్రేలు చాచుట క్షేమము కాదు. అట్టి కోపిష్ఠియే సంతానముపట్ల ఎంతయో ప్రేమ గలది. పిల్లలున్న గుంట యెండిపోవుచుండగా, తండ్రికప్ప కాళ్లతో కాలువ త్రవ్వి వానిని పెద్దనీటికి చేర్చును.

మేమొక వెడల్పైన తొట్టిలో జానెడు లోతు మెత్తని మట్టి పోసి, ఒక మూల లోతులేని పళ్లెములో నీరుంచితిమి. కప్ప చర్మముతోనే నీటిని గ్రహించును గనుక, క్లోరినును పోగొట్టిన నీటినే వాడితిమి. మిడుతలను, వానపాములను పట్టకారుతో నందిచ్చితిమి. ఎంత పెట్టినను మ్రింగుటయే దాని స్వభావమగుటచే, వారమునకు రెండు పర్యాయములకంటె నెక్కువ పెట్టలేదు.

అచ్చట మే నెలలో వానలు లేక చలి ప్రవేశించును. 2012 మే నెలలో అది మట్టిలోనికి దిగి కనబడకపోయెను. జూన్ గడిచెను, జూలై గడిచెను. ప్రతిదినము చూడవచ్చు బాలురు అది చచ్చినదనియు, పారవేసి తొట్టి కడుగుదమనియు పలికిరి. ఒకడు పార తెచ్చెను. మేము వలదంటిమి. కరవుకాలమున ఈ కప్ప తన చర్మపు పొరలనే కుబుసమువలె చుట్టుకొని, ఒంటి తడి పోకుండ కాపాడుకొనునని మేము చదివియుంటిమి. చదివినదానిని నమ్మి అయిదు నెలలు చేతులు కట్టుకొని యుండుట మాత్రము సులభము కాదు. అక్టోబరులో తొలివాన కురిసిన రాత్రి మట్టిని తడిపితిమి. తెల్లవారునప్పటికి మన్ను పగిలి రెండు కన్నులు కనబడెను. అది తన పొరను తానే మ్రింగుచుండెను. పార తెచ్చిన బాలుడు చాలసేపు మాటాడలేదు.

"అయ్యా, అది మనలను గుర్తెరుగునా?" అని ఆ బాలుడే పిమ్మట అడిగెను. కృతజ్ఞత కోరువాడు కుక్కను పెంచవలెననియు, కప్పను పెంచువాడు బదులు కోరక సేవచేయ నేర్చుకొనవలెననియు చెప్పితిమి.

మంచి పోషణలో ఈ జాతి కప్ప 20 సంవత్సరములకు మించి బ్రదుకుట కలదు. మేము స్వదేశమునకు మరలవలసినప్పుడు దానినేమి చేయుదుమను చింత కలిగెను. ఇంట పెరిగినదానిని బయట విడుచుట దానికి హాని. దానికేదేని రోగమున్నచో అచ్చటి కప్పలకును కీడు. మూడు నెలలు వెదకి, యొక జీవశాస్త్రోపాధ్యాయినికి ఒప్పగించిన పిదపనే ప్రయాణపు టిక్కెట్టు కొంటిమి.

విద్యార్థులారా, తొలకరిలో పసుపువన్నె దాల్చి బెకబెకలాడు పెద్ద కప్పలను చూచి, ఇంటికి తేవలెనని మీకు తోచవచ్చును. వానిని గట్టుమీద నిలిచియే చూడుడు. అవి చేలలోని పురుగులను తిని రైతునకు మేలుచేయును. మరి యే జీవినైనను పెంచగోరినచో, మన తరువాత దీనికి తిండి పెట్టువారెవరని ముందుగా ప్రశ్నించుకొనుడు. దానికి ఉత్తరము దొరకిన పిదపనే తొట్టి కొనుడు.