రెండు నీళ్ల నడుమ

మా అమ్మాయి వుద్యోగంలో చేరి రెండేళ్లయింది. అబ్బాయి చదువు వచ్చే వేసవితో పూర్తవుతుంది. "ఆ తరువాత నలుగురం ఒకే కారులో కూర్చునేది యెప్పుడో! సంక్రాంతి వెళ్లాక యెక్కడికైనా పోదాం నాన్నా. ద్వీపమైతే బాగుంటుంది. కారు మీద తాపీగా తిరగాలి" అన్నారిద్దరూ. సంతోషించి వెంటనే నోటుపుస్తకం తీశాను. నేను నోటుపుస్తకం తీశానంటే మా యింట్లో అందరి గుండెలూ గుభేలుమంటాయి.

ద్వీపమనగానే విశాఖవాడికి తట్టేది అండమానే. మన రేవు నుంచి ఓడ వుండనే వుంది. పోర్టుబ్లెయిరుకు 2024లో శ్రీవిజయపురమని పేరు మారింది గాని, ఓడ మీద రెండు రోజులకు పైగా కూర్చోవలసిందే. అక్కణ్ణుంచి ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డు జరావాల అడవిగుండా వెళుతుంది. ఆ మేరకు బళ్లన్నీ చెప్పిన వేళకు, కాపలాతో, బారులు తీరి పోవాలి. ఆగరాదు, ఫోటోలు తీయరాదు. అడవి వాళ్లది కనుక అది న్యాయమే.

"ఆ ఆంక్షలు నాన్న పెట్టినట్టే వున్నాయి" అన్నాడు మావాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

"ద్వీపానికి సముద్రం దాటనక్కరలేదర్రా" అన్నాను. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాడికి యింతకన్న అదను దొరుకుతుందా? రెండు పక్కల నీరు గలది ద్వీపం. ఆ మాటలో 'ద్వి' వుంది, 'అప్పు' వుంది. అప్పంటే నీళ్లు; మీ చదువులకు నేను చేసింది కాదు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి, ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ అయి సముద్రానికి పోతుంది. ఆ రెంటి నడుమ కోనసీమ. వైనతేయ వచ్చి దాన్ని మళ్లీ చీలుస్తుంది. లంకలకు లెక్కలేదు. మన గుమ్మంలోనుంచి కారులోనే పోవచ్చు.

పిల్లలు ఒప్పుకున్నారు. రాత్రికల్లా పథకం తయారయింది. తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రయాణం. కత్తిపూడి దగ్గర మళ్లి పిఠాపురం, కాకినాడల మీదుగా 1954 దాకా ఫ్రెంచివారి యేలుబడిలో వున్న యానాం, అక్కడ అరగంట. వంతెన దాటి ఎదుర్లంక, ముమ్మిడివరం, అమలాపురం. సాయంత్రానికి అంతర్వేది, వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు, ముప్పావుగంట. మర్నాడు తిరుగుదారిలో ఆత్రేయపురం, పూతరేకులు, పది నిమిషాలు.

పొద్దున్న మా అమ్మాయి చదివింది. "కుండ బోర్లించి, కింద మంటపెట్టి, పిండిలో ముంచిన గుడ్డతో ఒక్కొక్క రేకూ తీస్తారట. అది చూడ్డానికి పది నిమిషాలా నాన్నా?" అంది.

మా అబ్బాయి నోటుపుస్తకం ముట్టుకోలేదు. "పదకొండేళ్ల కిందట అరకు వెళ్లాం, గుర్తుందా? బొర్రా గుహల్లో పైనుంచి ఒక నీటిబొట్టు దిగుతోంది. అది రాలేదాకా చూస్తానన్నాను. టైమయిందని నువ్వు రెక్కపట్టి లాక్కెళ్లావు. ఆ ప్రయాణమంతటిలోనూ నాకు గుర్తున్నది నీ చేతిగడియారమొక్కటే" అన్నాడు.

కోపంగా అన్లేదు. అదే నాకు కష్టమనిపించింది. కోపంగా అంటే జవాబు చెప్పేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె అలా వెళ్లిందంటే తీర్పు అయిపోయిందన్నమాట.

కాలేజీకి వెళ్లాను గాని పాఠం మీద మనసు లేదు. నా చిన్ననాటి యానాం రేవు గుర్తుకొచ్చింది. ఈ వంతెన 2002లో వచ్చింది. అంతకుముందు గౌతమి దాటాలంటే పంటే గతి. మా నాన్నగారు ఇక్కడ పోర్టులో పనిచేసేవారు. యేడాది పొడుగునా డ్యూటీ వేళకు పరుగే. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి వూరు వెళ్లేటప్పుడు ఆ రేవులో మాత్రం తువ్వాలు పరుచుకుని చెట్టుకింద వాలిపోయేవారు. "పంటు యెప్పుడొస్తుంది నాన్నగారూ?" అంటే, "వచ్చినప్పుడు వస్తుందిరా" అనేవారు. ముంజెలు కొనిపెట్టేవారు. ఆయన నాకు కబుర్లు చెప్పింది ఆ రేవులోనే. చేరిన వూళ్లలో యేం చూశానో యిప్పుడు చెప్పలేను. కాచుకున్న రేవు మాత్రం కళ్లకు కట్టినట్టుంది. నాకు మా నాన్నగారు యిచ్చినదాన్ని మావాడికి నేను యివ్వలేదు. వాడు అడిగింది ఒక్క నీటిబొట్టు!

సాయంత్రం కొత్త పేజీలో మొదలుపెట్టాం. రెండు రోజులు కాస్తా అయిదయ్యాయి. బయలుదేరడం కాఫీలు తాగాక. కారు మా అమ్మాయి నడుపుతుంది; పక్కన కూర్చుని నేను సలహాలివ్వకూడదు. దిండిలో రెండు రాత్రులు. దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా నరసాపురం వెళ్లి, యివతలికి మాత్రం పంటు మీద కారెక్కించి సఖినేటిపల్లిలో దిగుతాం. వరదల కాలంలో పంటు ఆపేస్తారు గాని జనవరిలో ఆ భయం లేదు.

"వంతెన వుండగా మళ్లీ రేవెందుకు?" అన్నాడు మావాడు.

"కాచుకోడానికి" అన్నాను. వాడు నా వంక చూశాడు. యేమీ అనలేదు గాని వెళ్లి ముంజెలు జనవరిలో దొరుకుతాయా అని వాళ్లమ్మనడిగాడు. దొరకవు, వేసవి దాకా ఆగాలంది. అయితే వేసవిలో మళ్లీ వెళదామన్నాడు. ఆ మాటకోసం నేను యెన్ని నోటుపుస్తకాలైనా చింపెయ్యగలను.

ఇప్పుడు పుస్తకంలో మూడోరోజు కింద యేమీ రాయలేదు. నా చేతిగడియారం యింట్లో పెట్టి వెళ్లాలని కూడా నిశ్చయించుకున్నాను. సెల్‌ఫోనులో టైము కనబడుతుందనుకోండి. అది వేరే సంగతి.