పోటూ పాటూ

మా యానాం చూడవచ్చే చుట్టాలు మొట్టమొదట అడిగేది, "ఫ్రెంచివాళ్ళ నాటివి యేమున్నాయండీ?" అని. మేము 1846లో కట్టిన చర్చి చూపిస్తాము. 1954 జూన్ 13న వూరు ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన సంగతీ, 1962లో చట్టరీత్యా మన దేశంలో కలిసిన సంగతీ చెబుతాము. చుట్టూ ఆంధ్రప్రదేశ్ వున్నా మేము పుదుచ్చేరి కింద వున్నామంటే వారు ఆశ్చర్యపడతారు. తరువాత వంతెన దాటి కోనసీమకు వెళ్ళిపోతారు. గోదావరిని ప్రత్యేకంగా చూపించాలని మాకెన్నడూ తోచలేదు. అది యెదురుగానే వుంది గదా!

2002లో యెదుర్లంక వంతెన వచ్చేదాకా అవతలి ఒడ్డుకు పంటు మీదనే వెళ్ళాలి. పంటు అవతల వుంటే యివతల రేవులో కూర్చోవలసిందే. సైకిళ్ళు, పాలబిందెలు, అరటిగెలలు, కొబ్బరికాయల బస్తాలు, చంకలో కోడిపుంజుతో ఒక పెద్దమనిషి, అన్నీ అందరూ యెక్కితేగాని అది కదలదు. అరగంట దండుగ అయిందని మేము విసుక్కునేవాళ్ళం. ఆ అరగంటలోనే పెళ్ళిసంబంధాల మాటలు నడిచేవి, చేబదుళ్ళు తీరేవి, అలిగిన బావమరదులు మళ్ళీ పలకరించుకునేవారు. నడిగోదావరిలో దిగిపోవడానికి వీలులేదు గదా!

వంతెన మంచిదే. నొప్పులు పడే ఆడమనిషిని అర్ధరాత్రి రేవుకు తీసుకువచ్చి, పంటు కోసం కేకలు వేసినవారెవరూ దాన్ని తప్పుపట్టరు. మా వుద్యోగం అవతలి ఒడ్డున. మోటారుసైకిలు మీద వంతెన దాటడానికి నిమిషాలు చాలు. రోజుకు గంట మిగిలింది. ఆ మిగిలిన గంట యేమయిందో మా జమాఖర్చుల్లో మాత్రం యెక్కడా కనబడదు.

మా తండ్రిగారు ధాన్యం వర్తకుని వద్ద గుమాస్తాగా చేసి, యేళ్ళ తరబడి యీ రేవు దాటినవారు. ఒకనాడు, "ఒరే, ఒక సాయంత్రం నన్ను గట్టుకు తీసుకువెళ్ళు, గోదావరి చూచి చాలాకాలమైంది" అన్నారు. యింటికి గట్టు పదినిమిషాల నడక. "ఆదివారం వెళదాం నాన్నగారూ" అన్నాము. ఆ ఆదివారం ఒక పెళ్ళి, పై ఆదివారం ఆఫీసు కాగితాలు. ఆయన మళ్ళీ అడగలేదు. యేడాది గడిచాక, మాఘ పౌర్ణమినాడు బండి మరమ్మతుకు పోయి, పని తోచక తీసుకువెళ్ళాము. అడిగిననాడు ఆయనకు చూపున్నది. వెళ్ళిననాటికి వెలుగూ చీకటీ తప్ప మరేమీ ఆనడం లేదు.

మెట్ల మీద కూర్చోబెట్టాము. కాసేపటికి, "నీళ్ళెటు పోతున్నాయిరా?" అన్నారు.

"యింకెటు పోతాయి? సముద్రంలోకి" అన్నాము.

ఆయన నవ్వి, "గుర్రపుడెక్క చూచి చెప్పు" అన్నారు. చూచాము. ఒక గుర్రపుడెక్క గుబురు, తీరికగా, యెగువకు పోతోంది! "పోటురా. మెట్ల దగ్గర చప్పుడు వినలేదూ?" అన్నారు. యిరవై యేళ్ళుగా రోజుకు రెండుసార్లు దాటుతున్న యేరు యెటు నడుస్తోందో మేము చెప్పలేకపోయాము. చూపులేని మనిషి చెప్పారు.

ఆనాడు ఆయన చెప్పగా తెలిసింది. రమారమి ఆరుగంటలు పోటు, ఆరుగంటలు పాటు. యివాళ వచ్చిన వేళకు రేపు రాదు. రెండు గడియలు వెనక వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ బలంగా వస్తుంది. వేసవిలో ధవళేశ్వరం నుంచి నీరు తగ్గినప్పుడు పోటుతో వుప్పు కూడా పైకి వస్తుంది. వరదల రోజుల్లో యెర్రనీరు పోటును ముందుకు సాగనివ్వదు. ఆ నీటికే సముద్రం నుంచి పులసలు యెదురీదుకుంటూ వస్తాయి. పోటుకూ పాటుకూ నడుమ కాసేపు నీరు యెటూ కదలకుండా నిలబడుతుంది. "పడవవాడు చుట్ట ముట్టించుకునే వేళ అదే" అన్నారు మా తండ్రిగారు. మేము తరువాత ఒకనాడు పనిపెట్టుకుని కూర్చుని చూచాము. ఆకు కూడా కదలలేదు. మేమూ లేవలేదు.

చెన్నైలోనో, బెంగుళూరులోనో, బరంపురంలోనో వున్న మన పాఠకుల గుమ్మం ముందు గోదావరి లేకపోవచ్చు. కాని పెద్దవారు ఒకసారి అడిగి వూరుకున్న చిన్న కోరిక ప్రతి యింటా వుంటుంది. దానికి ఆదివారం దాకా ఆగనవసరం లేదు.

యిప్పుడు సాయంత్రం వంతెన దిగగానే మేము బండి ఆపి, గట్టు మీద కాసేపు నిలబడి యింటికి పోతాము. మా తండ్రిగారు అరుగు మీద కూర్చుని వుంటారు. బండి చప్పుడు వినగానే, "యేరా, పోటా, పాటా?" అంటారు. ఆయనకు తెలియక కాదు. అయినా మేము చూచి వచ్చి చెప్పవలసిందే.