నన్ను చూశాడనే అనుకున్నా



చాలా రోజుల నుంచి ఇది రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, చివరిదాకా చదవండి. ఏజెన్సీలో కాలేజీకైనా, సంతకైనా, ఆస్పత్రికైనా మనకి బండే దిక్కు కదా, అందుకే రాస్తున్నా.

ఒక డిసెంబర్ ఉదయం లంబసింగి నుంచి చింతపల్లి వెళ్తున్నాం. నేను నడుపుతున్నా, వెనక మా పిన్ని కొడుకు. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసయ్యాడు, ఈవెంట్స్ కోసం రోజూ తెల్లారకముందే లేచి పరిగెత్తేవాడు. మంచు విడిపోయి ఎండ వచ్చింది. రోడ్డు బాగుంది, స్పీడు అరవై దగ్గర ఉంది. ఎదురుగా టూరిస్టుల కారు ఒకటి నెమ్మదిగా వస్తోంది. డ్రైవర్ ముఖం నావైపే ఉంది. చూశాడు కదా, ఆగుతాడులే అనుకున్నా. దగ్గరికి వచ్చేసరికి, నా ఎడమవైపు ఉన్న టీ కొట్టు కోసం కారుని కుడికి, సరిగ్గా నా ముందుకి తిప్పేశాడు.

నాకు చేయి గీసుకుపోయింది, అంతే. తమ్ముడికి కాలు విరిగింది. వాడికి హెల్మెట్ కూడా లేదు, తలకి తగలకపోవడం మా అదృష్టం. ఈవెంట్స్ రోజు 1600 మీటర్లు పరిగెత్తాల్సినోడు కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు.

కారాయన దిగి వణికిపోతూ ఒకటే మాట అన్నాడు, "చూడలేదు తమ్ముడూ" అని. మా ఊరొచ్చి మమ్మల్నే గుద్దేసి చూడలేదంటాడా అని చాలా నెలలు కోపంతో రగిలిపోయా.

తర్వాత ఏడాది చలికాలంలో అదే చోట, అదే టైముకి బండి ఆపా. నా నీడ పొడుగ్గా నా ముందు రోడ్డు మీద పడి ఉంది. అప్పుడు వెలిగింది. ఎండ నా వీపు మీద ఉందంటే ఎదురొచ్చేవాడి కళ్లలో ఉన్నట్టే. నాకు అంతా బాగా కనబడుతోంది కాబట్టి అతనికీ నేను కనబడుతున్నా అనుకున్నా. పైగా బూడిదరంగు స్వెటర్, పాత బండి, లైటు వేయలేదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త బండ్లకి లైటు దానంతటదే వెలుగుతుంది. పాత బండికి మనమే వేసుకోవాలి.

ఇది మన ఘాట్ రోడ్ల సంగతే కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైకు ప్రమాదాలను లోతుగా పరిశీలించి 1981లో రిపోర్టు ఇచ్చింది. కార్లు ఢీకొన్న కేసుల్లో ఎక్కువగా బయటపడింది ఇదే: బైకు దారికి అడ్డంగా కారు తిరగడం, బైకు కనబడలేదని డ్రైవర్ చెప్పడం. అక్కడ కుడివైపు నడుపుతారు కాబట్టి ఎడమకి తిరిగే కారుతో ప్రమాదం. మనకి కుడికి తిరిగే కారుతో.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నా. నీడ ముందు పడుతుంటే ఎదుటివాడికి నేను కనబడనని లెక్క. ఎదురుగా కారు నెమ్మదించిందంటే డ్రైవర్ ముఖం చూడను, ముందు టైరు చూస్తా. ముఖం, ఇండికేటర్ మోసం చేస్తాయి గానీ టైరు తిరగడం మొదలైతే తెలిసిపోతుంది. టీ కొట్లు, వ్యూ పాయింట్లు, బొంగులో చికెన్ అమ్మేచోట్లు వస్తే ముందే నలభైకి దిగి, బ్రేకు మీద వేళ్లు పెట్టుకుంటా. అరవైలో ఉంటే ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతాం, నలభైలో 11. బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరమైతే అరవైలో రెండింతల కన్నా ఎక్కువ. సర్వీసు జీపు వెనకాలే అంటుకుని పోను. జీపు దాటగానే దారి ఖాళీ అనుకుని కారు తిప్పేస్తారు, జీపు చాటున ఉన్న మనం కనబడం. వెనక కూర్చున్నవాళ్లకి హెల్మెట్ లేకపోతే బండి తీయను. చట్టం కూడా ఇద్దరికీ ఉండాలనే చెప్తోంది.

తప్పు కారుదే, అందులో డౌటు లేదు. తిరిగేవాడే ఆగి దారివ్వాలి. కానీ ఒకరోజు తమ్ముడు మామూలుగానే అడిగాడు, "అన్నా, కారు స్లో అయినప్పుడు నువ్వు బ్రేకు మీద చేయి పెట్టావా?" అని. పెట్టలేదని చెప్పా. వాడు ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

వాడు ఇప్పుడు మళ్లీ పరిగెడుతున్నాడు, కొంచెం కుంటుతూ. వచ్చే నోటిఫికేషన్ కోసం చూస్తున్నాడు.

మళ్లీ టూరిస్టుల సీజన్ వస్తోంది. లైటు వేసుకోండి, వెనకాల వాళ్లకీ హెల్మెట్ పెట్టండి. మీ ఊరి పిల్లలకి కూడా చెప్పండి.

జై ఆదివాసీ.